‘క్షమించండి’ లేని కార్డులు

నగానో
డిసెంబర్ 12

ఏమండీ,

కవరు చూసి కంగారు పడకండి. ఇక్కడ అందరం కులాసాగానే ఉన్నాం. ఫోన్ చేయొచ్చుగా అంటారేమో. ఫోన్లో మీరు "ఊఁ" అంటారు, నేను ఇంకో పది మాటలు చెబితే ఇంకో "ఊఁ" అంటారు, ఆఖర్న "సరే, చలి జాగ్రత్త" అని పెట్టేస్తారు. మిమ్మల్ని అకితా ఫ్యాక్టరీకి పంపి రెండేళ్ళయింది. ఈ రెండేళ్ళలో మీ "ఊఁ"లు తప్ప నా వాటాకి వచ్చిందేమీ లేదు. ఉత్తరమైతే కనీసం చివరిదాకా చదువుతారని కలం పట్టుకున్నాను.

నన్ను మన కంపెనీ గోడౌన్ వెనక మూడో అంతస్తు గదిలోకి మార్చారని చెప్పాను కదా. మీరు చేసిన తోమోరి చేతి గడియారం పెట్టెలో ఒక జవాబు కార్డు పెడతారు చూడండి, కొన్నవాళ్ళు తమ అభిప్రాయం రాసి పోస్టు డబ్బాలో పడేసేది, ఆ కార్డులన్నీ ఇప్పుడు నా బల్ల మీదికి వస్తున్నాయి. నవంబర్ పదిహేనున గడియారం బజార్లోకి వచ్చింది, ఇరవయ్యో తారీకుకల్లా సంచులతో కార్డులు. నేనూ, నొనోమురా గారూ కూర్చుని చదివి మూడు ట్రేలలో వేస్తాం. సంతోషం, మామూలు, ఫిర్యాదు. నొనోమురా గారికి యాభై ఎనిమిదేళ్ళు. ఇరవై ఏళ్ళుగా ఇదే పని. ఆవిడ లేకపోతే నేను మొదటి రోజే మోసపోయేదాన్ని, ఎందుకంటే మనవాళ్ళు ఫిర్యాదు రాయరు. ప్రాణం పోతున్నా రాయరు.

ఒక పెద్దాయన ఇలా రాశాడు: "చలి ముదిరింది, మీరందరూ క్షేమమని తలుస్తాను. నేను పగలంతా కుర్చీలో కూర్చుని బొమ్మలకు రంగులు వేస్తాను. సాయంత్రానికి పదకొండు వేల అడుగులు నడిచానని మీ గడియారం నన్ను మెచ్చుకుంటోంది. నా కుంచె ఎక్కువగా కదులుతోంది కాబోలు, క్షమించండి." ఇంకొకావిడ ఇంటికి చుట్టాలు వచ్చి టీ తాగుతుంటే గడియారం "ఇక లేవండి, లేచి నడవండి" అని మూడుసార్లు గట్టిగా చెప్పిందట. వచ్చినవాళ్ళు తమనే అంటోందనుకుని లేచి వెళ్ళిపోయారట. దానికీ ఆవిడే క్షమాపణ చెప్పుకుంది, చుట్టాలకి ముందే చెప్పి ఉండాల్సిందట! చదువుతుంటే నాకు ఒళ్ళు మండిపోతుంది. డబ్బిచ్చి కొన్నవాళ్ళు అమ్మినవాళ్ళ కాళ్ళు పట్టుకోవడం ఏమిటండీ?

"క్షమించండి ఎన్నిసార్లు ఉందో లెక్కపెట్టు చిజురూ," అంటుంది నొనోమురా గారు. "ఒకటుంటే చిన్న చికాకు. మూడుంటే వస్తువు పాడైపోయింది. ఐదుంటే మనిషి ఆస్పత్రిలో ఉన్నాడు." నేను నవ్వేశాను కానీ ఆవిడ లెక్క తప్పలేదు. ఇప్పుడు నేనూ అలాగే వేస్తున్నాను.

అసలు సంగతి ఇది. ఈ కార్డుల్లో ఒక్క క్షమించండీ లేనివి కొన్ని కనబడ్డాయి. అన్నీ ముసలివాళ్ళవి, అన్నీ మంచు పడే ఊళ్ళవి. "చేతికి వెచ్చగా ఉంది, కృతజ్ఞతలు." "రాత్రి పడుకున్నప్పుడు వెచ్చగా ఉంటుంది." "ఒక్కదాన్నే ఉంటాను, ఎవరో చెయ్యి పట్టుకున్నట్టుంది." ఎనభై దాకా పోగయ్యాయి. నాకు కళ్ళు చెమర్చాయి. వాటిని విడిగా కట్టకట్టి మా సెక్షన్ హెడ్ ఇనుయి గారికి చూపించి, "దీన్ని ప్రకటనలో పెట్టొచ్చు కదా, చలికాలం మీ చెయ్యి పట్టుకునే గడియారం అని," అన్నాను. ఆయన ఆ మాట పట్టుకుని పై అంతస్తుకి పరిగెత్తాడు. వారం తిరక్కుండా రైల్వే స్టేషన్లన్నింట్లో నా మాటే, ఇంతేసి అక్షరాలతో! నా పేరు మాత్రం ఎక్కడా లేదు, ఇనుయి గారి బుర్రలో పుట్టిందని చెప్పుకుంటున్నారు. నాకు దక్కింది ఒక పెట్టె కమలాపళ్ళు. అందులో నాలుగు కుళ్ళినవి.

పోనీలెండి. ఆ మాట చూసే కితనోసావా అనే ఊరి మేయరు మూడు వేల గడియారాలు కొంటున్నాడట. ఒంటరిగా ఉండే వృద్ధులందరికీ ఊరి తరఫున ఉచితంగా ఇస్తారు. పగలూ రాత్రీ తీయకుండా పెట్టుకుంటే నాడి ఊరి ఆఫీసుకి తెలుస్తూ ఉంటుంది, స్నానానికి వెళ్ళినప్పుడు మాత్రం తీసి చార్జింగ్ పెట్టుకోవాలి. పై పేటలో అరవై మందికి ఈ నెలలోనే ఇచ్చి చూస్తారు, మిగతావాళ్ళకి ఫిబ్రవరి పదిన. మీరు చేసిన వస్తువు, నేను చెప్పిన మాట. మొగుడూ పెళ్ళాలం కలిసి ఒక మంచి పని చేశామని మొదటిసారి అనిపించింది. మా అమ్మకి కూడా ఒకటి కొని తెస్తే, "వద్దులే, ఆవిడ చేతికి పెద్దదవుతుంది," అని మీరే వాపసు ఇప్పించారు. ఇప్పుడు చూడండి, అందరి అమ్మలూ పెట్టుకుంటున్నారు.

ఈసారి సెలవు దొరికితే రండి.

మీ
చిజురు

—

నగానో
జనవరి 16

ఏమండీ,

మీరు జవాబు రాయలేదు. రాస్తారనుకోలేదు కూడా. కానీ ఈ ఉత్తరానికి రాయాలి.

డిసెంబర్ ఆఖర్న కితనోసావా నుంచి ఒక కార్డొచ్చింది. కులాసా ప్రశ్నలు లేవు, చలి మాట లేదు, క్షమించండి అసలే లేదు. అంత మర్యాద లేని కార్డు నేనింతవరకు చదవలేదు. రాసింది ఆ ఊరి ఆరోగ్య నర్సు, ఉచిదాతె అనే ఆవిడ. "పై పేట హిగుచి తొకి గారికి డెబ్భై తొమ్మిదేళ్ళు. మీ గడియారం వెచ్చగా ఉందంటున్నారు. దాని కింద ఇలా ఉంది. మీకిది తెలుసా?" కార్డుకి ఒక ఫోటో పిన్ను చేసి ఉంది. మణికట్టు మీద నాణెమంత గుంట. మధ్యలో పచ్చగా, చుట్టూ నల్లగా. చీము పట్టీ అంచుదాకా కారి ఎండిపోయింది.

నేను ఫోటోని బోర్లా తిప్పి పెట్టేశాను. పుండు చూడలేక కాదు. ఆ పుండు మీద అతికించింది నా మాట కాబట్టి.

చలికాలంలో వేడి సంచి ఒంటికి ఆనించుకుని నిద్రపోతే తెలియకుండా లోలోపల తోలు కాలిపోతుందని మన చిన్నప్పుడే చెబుతారు. ముట్టుకుంటే చురుక్కుమనేంత వేడి అక్కర్లేదు, హాయిగా ఉండే వేడే గంటల తరబడి ఆనితే చాలు. ముసలివాళ్ళ తోలు పల్చన, షుగరుంటే స్పర్శే తెలియదు. ఇదంతా తెలిసిన దేశంలో పుట్టి, "రాత్రంతా వెచ్చగా ఉంది" అని ఎనభై కార్డులు చేతిలో పెట్టుకుని, నేను చేసిన పని ప్రకటన రాయడం! క్షమించండి లెక్కపెట్టడం నేర్చుకున్న దాన్ని, అది లేనిచోట చూడాలన్న ఆలోచనే రాలేదు.

వెచ్చగా ఉందని రాసినవాళ్ళ కార్డులన్నీ బయటికి తీశాను. ఇప్పటికి మూడు వందల పన్నెండు. ఫోన్ నంబర్లు ఉన్నవాళ్ళలో పదిమందికి ఫోన్ చేశాను. యమగతాలో ఒక పెద్దావిడ ఎత్తింది.

"అమ్మా, తోమోరి గడియారం కంపెనీ నుంచి మాట్లాడుతున్నాను."

"అయ్యో, అంత దూరం నుంచి నాకోసం ఫోన్ చేశారా! ఎంత శ్రమ తల్లీ!"

"శ్రమేం లేదమ్మా. ఆ గడియారం ఒక్కసారి తీసి, కింద చర్మం ఎలా ఉందో చూస్తారా?"

"ఇప్పుడా? ఉండు... కాస్త అంటుకుపోయిందమ్మా. ఆగు, నీళ్ళు పెట్టి తీస్తా."

కుళాయి చప్పుడు వినిపించింది. నేను ఫోన్ చెవికి నొక్కుకుని కూర్చున్నాను.

"ఏం లేదమ్మా," అంది ఆవిడ. "కాస్త నల్లబడి, గుంట పడిందంతే. ఈ వయసులో తోలు ఇలాగే ఉంటుంది. మీ గడియారానికి మాత్రం మరక అంటలేదు, తుడిచేశాను. మీరేం బెంగపెట్టుకోకండి."

పదిమందిలో ఏడుగురికి గుంటలున్నాయి. ఏడుగురూ నాకే ధైర్యం చెప్పారు.

ఫోటో, కార్డులు పట్టుకుని ఇనుయి దగ్గరికి వెళ్ళాను. (ఇక ఆయన్ని ‘గారు’ అనడం నా వల్ల కాదు.) డబ్బా కాఫీ తాగుతూ చూశాడు. ఫోటోని వేలితో కూడా ముట్టుకోలేదు, పెన్సిలుతో పక్కకి జరిపాడు. ఎప్పటిలాగే మన ఇంటిపేరుతో పిలిచి మొదలుపెట్టాడు.

"చూడండి కురొయివా గారూ, వెచ్చగా ఉందన్నవాళ్ళు మూడు వందల పన్నెండు మంది. కాలిందన్నది ఒక్క నర్సు. ఆవిడ గడియారం కొన్న మనిషి కూడా కాదు. కొననివాళ్ళ అభిప్రాయం ఏ ట్రేలో వేస్తాం చెప్పండి?"

"ఏడుగురికి పుళ్ళున్నాయి. నేనే మాట్లాడాను."

"వాళ్ళు ఫిర్యాదు చేశారా?"

"లేదు."

"మరి? లేని ఫిర్యాదు మీరెందుకు పుట్టిస్తున్నారు? ఆ నర్సుకి మర్యాదగా ఒక జవాబు రాయండి. చర్మం పొడిగా ఉంచుకోమనండి, పట్టీ కాస్త వదులు చేసుకోమనండి. మీ చేతిరాత బాగుంటుంది, చేత్తోనే రాయండి, ఆప్యాయంగా ఉంటుంది."

ఇక్కడ మీకు చెప్పుకోవలసినది ఉంది. నేను రాశాను. ఛీ అనుకుంటూనే రాశాను. మంచి కాగితం తీసుకుని, చలి గురించి రెండు వాక్యాలు, మీ శ్రద్ధకు కృతజ్ఞతలని ఒక వాక్యం, ఆ తర్వాత చర్మం పొడిగా ఉంచుకోమని. అలాంటివి ఆ వారంలో నలభై రాశాను. నా చేతులు ఎంత కడిగినా నాకే రోతగా ఉన్నాయి.

వారానికి ఉచిదాతె గారు ఫోన్ చేసింది. "మీ ఉత్తరం మా మేయరు ఫ్రేము కట్టించి పెట్టుకున్నాడు," అంది. "గడియారాలు ఆపమని నేను గొడవ చేస్తే, కంపెనీ ఇంత చక్కగా చేత్తో రాసి పంపింది, నువ్వేంటి అనుమానాలు పెడతావని నా మొహాన కొట్టాడు. అక్షరాలు బాగున్నాయి తల్లీ. ఎవరు నేర్పారు?"

ఫోన్ పెట్టేసి ఈ కాగితం తీసుకున్నాను.

మీరు ఇంజనీరు. ఆ గడియారం లోపల ఏముందో మీకు తెలుసు. దుప్పటి కింద ఎంత వేడెక్కుతుందో ఒక్కసారి కొలిచి నాకు రాయండి. మీ అంకె ఉంటే నేను ఇనుయి నెత్తి మీదుగా పైవాళ్ళ దగ్గరికి వెళ్తాను. ఫిబ్రవరి పదికి ఇంకా టైముంది. మీరు కొలిస్తే ఎవరూ కాదనలేరు.

మీ
చిజురు

—

నగానో
జనవరి 29

కురొయివా గారికి,

మీ అంకె దొరికింది. మీరు పంపలేదు, ఇనుయి చూపించాడు.

నేను డైరెక్టరు దగ్గరికి వెళ్తున్నానని తెలిసి నన్ను గదిలోకి పిలిచాడు. తలుపు వేసి, చాలా జాలిగా మొహం పెట్టి, "ఇంజనీరు భార్య మీరే ఇంజనీరింగుని నమ్మకపోతే ఎలాగండీ?" అని ఒక ఫైలు నా ముందు తెరిచాడు. అక్టోబరు నాటి అనుమతి పత్రం. దుప్పటి కింద, నిద్రలో, ఆరు గంటల తర్వాత: నలభై మూడు డిగ్రీలు. 43లో 4 పైన మూసుకోకుండా తెరిచి ఉంది, మీ చేతిరాతే. పదిహేనేళ్ళుగా ఇంట్లో కేలెండరు మీద చూస్తున్న నాలుగు, నాకు తెలియదా! కింద సంతకాల బదులు వరుసగా పేరు ముద్రలు. కిందివాడి ముద్ర పెద్దాయన ముద్ర వైపు ఒరిగి దండం పెడుతున్నట్టు ఉండాలన్న దిక్కుమాలిన ఆచారం ఒకటుందిగా, మీది ఎంత ఒరిగిందంటే ఇంకొంచెమైతే బోర్లా పడేది.

"ఆయన కొలిచారు, ఆయనే ఒప్పుకున్నారు," అన్నాడు ఇనుయి. "గొడవ చేస్తే ముందు పోయేది మీ ఇంటాయన ఉద్యోగమే. ఆలోచించుకోండి."

నేను ఆలోచించుకున్నాను. బల్ల దగ్గరికి వచ్చి కూర్చుని ఆలోచిస్తుంటే ఒక మాట గుర్తొచ్చింది. నవంబర్లో మీరు ఇంటికొచ్చినప్పుడు అమ్మ కోసం తెచ్చిన గడియారం పెట్టె చూశారు. చేతిలోకి తీసుకున్నారు. "వద్దులే, ఆవిడ చేతికి పెద్దదవుతుంది" అన్నారు. పట్టీ ఎంతకైనా బిగించుకోవచ్చు కదా అంటే, "చెప్తున్నాగా, ఇచ్చెయ్యి," అని విసుక్కున్నారు. నేను మీకు అమ్మంటే చులకన అనుకుని రెండు రోజులు ముభావంగా ఉన్నాను. చులకన కాదు. మీకు తెలుసు.

మీకు తెలుసు! మా అమ్మది చెయ్యి. తొకి గారిది చెయ్యి కాదు. యమగతా పెద్దావిడది చెయ్యి కాదు. ఆ మూడు వందల పన్నెండు మందివీ చేతులు కావు. మీరు అసలే తెలియని మూర్ఖులైనా నేను భరించేదాన్ని. పైవాళ్ళకి భయపడి అందరికీ, మా అమ్మతో సహా, తగిలించి ఉన్నా పిరికివాడని సరిపెట్టుకునేదాన్ని. మీరు మాత్రం ఇంట్లోవాళ్ళ వరకు తీసి పక్కన పెట్టుకుని, తక్కినవాళ్ళని కాలనిచ్చారు. తినే అన్నంలో పురుగు చూసి, మన గిన్నెలోది తీసేసుకుని మిగతాది బంతిలో వడ్డించినట్టు. ఇది ఎలాంటి బుద్ధో చెప్పడానికి నాకు మాట దొరకడం లేదు. మీతో పదిహేనేళ్ళు ఒకే దుప్పటి కింద పడుకున్నానని తలుచుకుంటే అసహ్యం వేస్తోంది.

నేను మంచిదాన్నని చెప్పడం లేదు. ఆ నలభై ఉత్తరాలు నా చేత్తోనే రాశాను. ఒకరికొకరం సరిగ్గా సరిపోయాం.

ఏం చేశానో చెబుతాను. కార్డులన్నిటికీ, ఫోటోకీ నకళ్ళు తీయించి, సోమవారం తోక్యోలోని వినియోగదారుల శాఖకి రిజిస్టరు పోస్టులో పంపేశాను. నొనోమురా గారు నకళ్ళు తీయడానికి కాగితాలు అందించింది. "ఇరవై ఏళ్ళు ట్రేలలో వేశాను. ఒక్కసారీ ట్రే బయటికి తీయలేదు," అంది, అంతే. శాఖవాళ్ళు పరిశీలించడానికి వారాలు పడుతుందన్నారు. కితనోసావాలో పంచేది ఇంకో పన్నెండు రోజుల్లో. ఆ ఊరివాళ్ళు నా మాట వినరు, నా ఉత్తరమే ఫ్రేములో ఉంది. నర్సు మాట వినరు. వింటే మీ మాట వింటారు, చేసింది మీరు కాబట్టి.

నాకు మీ క్షమాపణలు వద్దు. ఆ పదో తారీకు లోపల, ఈ గడియారం కాలుస్తుందని మీ నోటితో చెప్పండి. చెప్పకపోతే ఇంటికి రాకండి. వచ్చినా తలుపు తీయను.

కురొయివా చిజురు

—

కితనోసావా
ఫిబ్రవరి 14

చిజురూ,

నీ మూడు ఉత్తరాలూ నా దగ్గరే ఉన్నాయి. రెండోదానికి జవాబు నాలుగుసార్లు మొదలుపెట్టి నాలుగుసార్లు చింపేశాను. ప్రతిసారీ చలి గురించే రాశాను. నువ్వు రాసినదాంట్లో ఒక్క అబద్ధమూ లేదు. అక్టోబర్లో కొలిచాను. వెనక రేకు మార్చాలి, రెండు నెలలు కావాలి అన్నాను. చలికాలం అమ్మకాలు పోతాయన్నారు. "రాత్రి తీసి పక్కన పెట్టమని వాడకం పుస్తకంలో రాస్తాం, సరేనా?" అన్నారు. ఆ ఒక్క వాక్యం పట్టుకుని ముద్ర వేశాను. తర్వాత కితనోసావా కోసం ఆ వాక్యం కొట్టేసి, రాత్రి కూడా పెట్టుకోవాలని రాశారు. అది నాకు డిసెంబర్లోనే తెలుసు, నీ మొదటి ఉత్తరం వల్లే. అప్పుడూ నోరెత్తలేదు. అత్తయ్య గడియారం సంగతి కూడా నువ్వు అనుకున్నదే. అప్పుడు నా మనసులో ఏముందని అడిగితే, ఏమీ లేదు. ఆవిడకి వద్దనిపించింది, మిగతావాళ్ళు గుర్తుకే రాలేదు.

పదో తారీకు పొద్దున్నే రైలెక్కి ఇక్కడికి వచ్చాను. ఊరి సమావేశ మందిరంలో గుమ్మం దగ్గర చెప్పులు గుట్టలుగా ఉన్నాయి. లోపల రెండు పొయ్యిలు మండుతున్నాయి, టీ, ముల్లంగి ఊరగాయ పంచుతున్నారు. గోడకి ఆనించి గడియారాల పెట్టెలు. ముందు వరుసల్లో పై పేట అరవై మందిని కూర్చోబెట్టారు, ఇప్పటికే పెట్టుకున్నవాళ్ళు కదా, మిగతావాళ్ళకి చెప్పడానికి. మేయరు నా పేరు కార్డు చూసి పొంగిపోయి, మైకు చేతికిచ్చాడు.

నేను నోరు తెరిచి ఏమన్నానో తెలుసా? "ఈ గడియారం వాడకంలో కొందరికి స్వల్పంగా అసౌకర్యం కలిగే అవకాశం లేకపోలేదు," అన్నాను. నాకే వినిపించింది, ఇనుయి గొంతులా ఉంది. అందరూ తలలూపారు. కొందరు వంగి నమస్కారం పెట్టారు. మేయరు మైకు తీసుకుని, "ఇంత మంచులో ఇంజనీరు గారే స్వయంగా వచ్చి జాగ్రత్తలు చెప్పడం మన ఊరి అదృష్టం," అన్నాడు. చప్పట్లు కొట్టారు చిజురూ. పెట్టెలు విప్పడం మొదలుపెట్టారు.

గుమ్మం పక్కన నిలబడ్డ ఉచిదాతె గారు నావైపు చూసిన చూపు నీ ఉత్తరంలాగే ఉంది. మైకు మళ్ళీ లాక్కున్నాను. అరిచాను. జీవితంలో పెద్దవాళ్ళ ముందు అంత గొంతెత్తడం అదే మొదలు.

"ఇది కాలుస్తుంది! నాకు అక్టోబరు నుంచి తెలుసు. ఒప్పుకుంటూ ముద్ర వేసింది నేనే. మా అత్తగారికి మాత్రం పెట్టనివ్వలేదు!"

ఊరగాయ నమిలే చప్పుడు కూడా ఆగిపోయింది. ముందు వరుసలో ఒక పెద్దాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని అడిగాడు.

"మీ అత్తగారికి వద్దన్నారా?"

"వద్దన్నాను."

"ఎందుకూ?"

"కాలుతుందని."

"మరి మాకో?"

అంతమందిలో నిలబడి, "మీరు నాకు గుర్తుకే రాలేదు," అని చెప్పాను.

అప్పుడు రెండో వరుసలోంచి ఒక చిన్న మనిషి లేచింది. చేతికి కట్టు ఉంది, ఆ కట్టు పైన గడియారం ఉంది. దాన్ని విప్పి నా గుండెల మీదికి విసిరింది. తొకి గారు.

"మొదటి రోజు నుంచీ మంటేనయ్యా!" అంది. "ఊరు ఊరికే ఇచ్చిన వస్తువుకి వంకలు పెడితే ఏం బాగుంటుందని వెచ్చగా ఉందన్నాను. మంట పెడుతోందని ఎలా రాస్తారు, కార్డు మీద? వెచ్చగా ఉందంటే కాలుతోందని మీకు తెలియదూ? చదువుకున్నారు కదా!"

నీకూ నాకూ నొనోమురా గారికీ ఎవరికీ తట్టలేదు చిజురూ. వాళ్ళు మనల్ని మెచ్చుకోలేదు. వాళ్ళకి చేతనైనంత గట్టిగా కేకలు పెట్టారు.

ఆవిడ మొదలుపెట్టాక ఇక ఆగలేదు. "నాదీ మంటే!" "దరిద్రపు గడియారం, దుప్పట్లో దీపంలా వెలుగుతుంది, నిద్రుండదు!" "దొడ్డికి వెళ్ళొస్తే శభాష్ అంటుంది, సిగ్గులేని ముండ!" చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్న పెద్దాయన మెల్లగా అన్నాడు: "ఏడాదిగా ఆస్పత్రిలో ఉన్న మా ఆవిడ పోయిన రోజు నా గుండె దడదడ కొట్టుకుంటుంటే, ఈరోజు వ్యాయామం బాగా చేశారని మెచ్చుకుంది బాబూ. ఆ రోజే తీసి గిరాటెయ్యాలనిపించింది. ఊరి సొమ్మని ఊరుకున్నా." మేయరు కూర్చోండి, కూర్చోండి అంటున్నాడు. ఎవరూ కూర్చోలేదు. అతని మీదికి కూడా రెండు గడియారాలు వెళ్ళాయి.

పెట్టెలన్నీ ఆ మధ్యాహ్నమే లారీ ఎక్కి వెనక్కి పోయాయి. మేయరు వద్దని రాసి సంతకం చేశాడు, చేయించారు. అక్టోబరు పత్రం నకలు నేను వినియోగదారుల శాఖకి ఫ్యాక్స్ చేశాను. నిన్న అక్కడి నుంచి ఫోనొచ్చింది, దేశమంతా అమ్మకం ఆపమని ఆదేశం ఇస్తున్నారు. ఇనుయి కూడా ఫోన్ చేశాడు. నన్ను ఉద్యోగంలోంచి తీసేశారని చాలా మర్యాదగా చెప్పాడు, ఆఖర్న చలి జాగ్రత్త అన్నాడు.

పదో తారీకున ఉచిదాతె గారు నన్ను కదలనివ్వలేదు. అరవై మందినీ వరుసలో నిలబెట్టి, నా చేత్తోనే ఒక్కొక్క గడియారం విప్పించింది. "కొలవడం వచ్చుగా, కొలిచి చూడు," అని స్కేలు చేతిలో పెట్టింది. పంతొమ్మిది పుళ్ళు. వాసన వస్తున్నవి నాలుగు. ఒకావిడకి ఎముకదాకా దిగింది, ఆస్పత్రికి పంపారు, వేలు కదలడం లేదు. నువ్వు రాసిన రోత అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. ఆ వేలు కదలని పెద్దావిడే నాకు వంగి నమస్కారం పెట్టబోయింది. పెట్టొద్దని చేతులు పట్టుకుని ఏడ్చాను.

తొకి గారి కట్టు విప్పుతూ, క్షమించండి అన్నాను.

"ఆ మాట ఇక వద్దయ్యా," అంది ఆవిడ. "మేం జీవితమంతా అదే చెప్పాం. ఏం ఒరిగింది? రేపు పొద్దున్నే వచ్చి కట్టు మార్చు. ఇంటి మీద మంచు కూడా పేరుకుపోయింది, అదీ తీసిపో."

నువ్వు చెప్పమన్నది చెప్పాను, ఇక ఇంటికి రావచ్చు. కానీ ఇప్పుడు రావడం లేదు. ఇక్కడ ఉచిదాతె గారి మందుల సంచి మోస్తూ రోజుకి పద్దెనిమిది ఇళ్ళు తిరుగుతున్నాను. కట్టు విప్పడం, కడగడం నేర్పింది. అవి మానడానికి వేసవి దాకా పడుతుందట. అప్పటిదాకా నువ్వు తలుపు వేసే ఉంచుకో.

యసుమిచి